కోత, మేట, శైథిల్యము: భూగోళ పరిభాషను గూర్చి కొన్ని మాటలు

తెలుగు మాధ్యమమున భూగోళశాస్త్రము చదువు విద్యార్థికి సముద్రతీరములు, శీతోష్ణస్థితి, ఎడారులలో శిలలు పొందు వికారములు అను పాఠములలో ఎదురగు పారిభాషిక పదములు అధికభాగము సంస్కృతములు. సంస్కృతములగుటచే అవి కఠినములని ఒక పక్షమువారును, సంస్కృతములగుటచేతనే అవి శాస్త్రీయములని మరియొక పక్షమువారును చెప్పుచున్నారు. ఈ రెండు వాదములును పరీక్షకు నిలుచునవి కావు. పారిభాషిక పదము మంచిదగుటకు గాని చెడ్డదగుటకు గాని అది ఏ భాషలోనిది అనునది కారణము కాదు. పదకర్త వస్తువును చూచి పేరు పెట్టెనా, ఆంగ్లపదమును చూచి పేరు పెట్టెనా అనునదే కారణము. అమరము వల్లెవేసి పెరిగి, వ్యాకరణము చెప్పి జీవించినవాడనైనను, ఈ విషయమున కేవల సంస్కృతపక్షము వహించుట నాకు న్యాయముగా తోచుట లేదు.

కేంద్రప్రభుత్వము శాస్త్ర సాంకేతిక పదావళి సంఘమును 1961లో నెలకొల్పినది. తెలుగు అకాడమి 1968లో ఏర్పడినది. అంతకు పూర్వమే డాక్టర్ రఘువీర సంస్కృతధాతువులకు ఉపసర్గలను, ప్రత్యయములను చేర్చి వేలకొలది పదములను నిర్మించి ఒక మార్గమును చూపియుండిరి. ఈ కృషి సామాన్యమైనది కాదు. ఇది లేకున్న కళాశాలలలో తెలుగు మాధ్యమము అడుగు పెట్టియుండెడిది కాదు. అయితే పతంజలి మహాభాష్యము పస్పశాహ్నికమున ఒక మాట చెప్పెను. కుండ కావలసినవాడు కుమ్మరి ఇంటికి పోయి కుండ చేసి యిమ్మని అడుగును గాని, మాట కావలసినవాడు వైయాకరణుని ఇంటికి పోయి మాట చేసి యిమ్మని అడుగడని దాని తాత్పర్యము. మన పదకోశ సంఘములు సరిగా ఆ రెండవ పనినే చేసినవి. వైయాకరణులును సంతోషముతోనే సారె త్రిప్పిరి.

మొదట మూడు మూలపదములను చూతము. శిల ఉన్నచోటనే ఉండి సడలిపోవుట ఒకటి. సడలినదానిని నీరో గాలియో మంచో కోసి కొనిపోవుట రెండవది. కొనిపోయినదానిని వేరొకచోట పరచుట మూడవది. వీనికి పాఠ్యపుస్తకములలో వరుసగా శైథిల్యము, క్రమక్షయము, నిక్షేపణము అను పేర్లు ఉన్నవి.

శైథిల్యమను పదమును ఎన్నుకొన్నవారికి నమస్కరింపవలెను. దీని ఆంగ్లపదమైన వెదరింగ్ అనుదానిలో ఎండవానలు ఏదో చేసినవను మాట తప్ప శిల ఏమైనదో లేదు. శిథిలమనగా బిగువు సడలినది. దానికి భావార్థమున ష్యఞ్ ప్రత్యయము చేరి శైథిల్యమైనది. శిల కదలలేదు, కణముల పట్టు మాత్రము వదలినది అను శాస్త్రార్థమంతయు ఆ నాలుగక్షరములలో ఇమిడియున్నది. పైగా శిథిలాలయము, శిథిలభవనము అను మాటలు ఎరిగిన తెలుగు బాలునకు దానిని విప్పి చెప్పనక్కరలేదు. హిందీవారు దీనినే అపక్షయమందురు. ఇచట మన పదమే మేలు.

క్రమక్షయము సంగతి అట్టిది కాదు. క్షయమనగా తరుగుట. తరిగినది ఎచటికి పోయినది, దానిని ఎవరు కొనిపోయిరి అను ప్రశ్నలకు అందు సమాధానము లేదు. శైథిల్యమునకును క్రమక్షయమునకును భేదమేమని అడిగినచో విద్యార్థి తెల్లమొగము వేయును. పదములో లేని భేదమును అతడెచటినుండి తేగలడు? క్రమశబ్దము మరింత బాధకము. కాకినాడకు ఉత్తరమున ఉప్పాడ తీరమున తుఫాను దినములలో సముద్రము రోడ్డును, ఇండ్లను తన లోనికి లాగికొనుచుండగా అందు క్రమమెక్కడిది? హిందీ పరిభాషలో దీనిని అపరదనమందురు. రద ధాతువునకు గీకుట, పెకలించుట అని అర్థము. దంతమునకు రదమని పేరు వచ్చుట అందువలననే. ఆంగ్లపదమునకు మూలమైన లాటిన్ ధాతువునకును కొరుకుటయే అర్థము. కాబట్టి అపరదనము శాస్త్రార్థమునకు మిక్కిలి దగ్గరది. అయినను దానిని తెలుగులోనికి తెచ్చుకొనుడని నేను చెప్పను. తెలుగునకు కోత ఉన్నది. ఏటికోత, గట్టుకోత, సముద్రపు కోత అనునవి పుస్తకము తెరువనివారి నోటను ఉన్నవి. తీరము కోతకు గురియైనదని పత్రికలో వ్రాయగా అర్థము కానివాడు లేడు.

నిక్షేపణమును గూర్చి చెప్పవలసినది కొంచెమే. ధర్మశాస్త్రమున నిక్షేపమనగా నమ్మి ఒకరి చేత పెట్టిన సొమ్ము. మనువు చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో అదియొకటి. నది ఇసుకను ఎవరి చేతను నమ్మి పెట్టదు. (మరుసటి వరదలో వచ్చి వడ్డీతో కూడ తీసికొనిపోవుట కలదు గాని అది వేరు సంగతి.) వరద తీసిన పిమ్మట రైతు తన చేను ఇసుక మేట వేసినదని చెప్పును. కోతకు సరియైన జంట మేట. 1990 నుండి 2018 వరకు భారతదేశ తీరరేఖను పరిశీలించిన జాతీయ తీర పరిశోధన కేంద్రము అందు సుమారు మూడవవంతు కోతకు గురియగుచున్నదనియు, నాలుగవవంతుకు పైగా మేట వేయుచున్నదనియు తేల్చినది. ఈ వాక్యమును చేపలు పట్టువానికి చదివి వినిపింపవచ్చును. కోతకు క్రమక్షయమును, మేటకు నిక్షేపణమును పెట్టి చదివినచో అతనికి తన ఊరి కథయే పరదేశకథగా తోచును.

తెలుగుపదము నుండి విశేషణములను, నామములను సాధించుట కష్టమని ఒక ఆక్షేపము కలదు. అది కొంతవరకు నిజమే. కాని కోతబలము, కోతరేటు, మేటనేల, మేటదిబ్బ అని సమాసము చేసికొనుటకు ఏ సూత్రమును అడ్డు రాదు.

ఇక ఎడారి. మరుశబ్దమును మరణార్థకమైన మృ ధాతువు నుండి సాధింతురు. ప్రాణులు చచ్చు చోటని వ్యుత్పత్తి. అమరసింహుడు భూమివర్గమున మరు, ధన్వ శబ్దములను పర్యాయములుగా పఠించెను. ఏటికి 250 మిల్లీమీటర్ల కన్న తక్కువ వాన కురియు నేలను ఎడారియనుట నేటి స్థూలమైన లెక్క. అచట శిలలు ఎట్లు పగులునను విషయమున పరిభాషకు సంబంధించిన మంచి పాఠమొకటి ఉన్నది.

రోహిణికార్తె ఎండలకు రోళ్ళు పగులునని మన సామెత. పాత పాఠ్యపుస్తకములును ఇంచుమించు ఇదే చెప్పినవి. పగటి వేడికి శిల వ్యాకోచించును, రాత్రి చలికి సంకోచించును, నిత్యమును ఇట్లు జరుగుటచే పగులునని వాని సిద్ధాంతము. 1936లో డేవిడ్ గ్రిగ్స్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు గ్రానైటు ముక్కను 89,400 పర్యాయములు వేడిచేసి చల్లార్చెను. అవి 244 సంవత్సరముల రాత్రింబగళ్ళకు సమానము. పొడిగాలిలో చల్లార్చినంత కాలము శిలలో చెప్పదగిన మార్పు కనబడలేదు. నీటితో చల్లార్చినపుడు రెండున్నర సంవత్సరములకు సమానమైన పర్యాయములలోనే పగుళ్ళు పొడసూపినవి. ఎడారిలో సయితము రాతిని పగులగొట్టుటలో నీటికి, మంచుబిందువులకు, రాతిసందులలో పేరుకొను ఉప్పునకు పెద్ద పాత్ర ఉన్నదని అప్పటినుండి గుర్తించిరి. ఇటీవలివారు ఎండకును కొంత పాలు మరల ఒప్పుకొనుచున్నారు. వివాదము ముగియలేదు.

ఇట్టి స్థితిలో ఉష్ణశైథిల్యమని పేరు పెట్టితిమేని తేలని కారణమును పేరులోనే తేల్చివేసినవారమగుదుము. శాస్త్రము మారినను పేరు మారదు. తరువాతి తరమువారు ఆ పేరునే ప్రమాణముగా చూపుదురు. పాతగోడకు చౌడు పట్టి పెచ్చులూడుటను మనము ఎరుగుదుము. ఉప్పు లోపల స్ఫటికములుగా పెరిగి పైపొరను నెట్టివేయుట అచట జరుగుచున్నది. ఎడారిశిలల యందును, ఉప్పుగాలి తగులు తీరశిలల యందును జరుగునది అదియే. తెలంగాణపు నల్లరాతి గుండ్లు పొరలు విడుచుటకు కారణములు వేరు కావచ్చును గాని కంటికి కనబడు కార్యము పెచ్చులూడుటయే. కార్యమును బట్టి పేరు పెట్టి కారణమును పరిశోధకునకు విడిచిపెట్టుట క్షేమము.

గాలి పనిని గూర్చి ఒక చిత్రమైన సంగతి చెప్పెదను. ఎడారిలో గాలి సన్నని ధూళిని ఎత్తికొనిపోయి గులకరాళ్ళను నేలపై విడిచిపెట్టును. కొంతకాలమునకు నేల రాళ్ళు పరచిన ముంగిలివలె అగును. దీనికి ఆంగ్లమున వాడు డిఫ్లేషన్ అను పదమునకు ఊదివేయుట అని అర్థము. మన కళ్ళములో రైతు చేట యెత్తి గాలివాటున ధాన్యమును తూర్పారబట్టును. పొల్లు ఎగిరిపోవును, గింజ నిలుచును. రెండును ఒకే వ్యాపారము. పూఞ్ ధాతువునకు శుద్ధిచేయుట అర్థము. దాని నుండి వచ్చిన పవనశబ్దమునకు గాలి అను ప్రసిద్ధార్థముతో పాటు ధాన్యమును తూర్పారబట్టుట అను అర్థమును కోశములలో ఉన్నది. గాలికి పవనమని పేరు పెట్టిన భాషలో ఈ ఎడారి వ్యాపారమునకు పేరు వెదకుటకై దూరము పోవలెనా? గాలి తూర్పార అన్న చాలును.

ఎడారీకరణమను పదమును చూచి పండితులు కొందరు నొసలు ముడిచెదరు. ఎడారి దేశ్యము. సంస్కృతవ్యాకరణము విధించు చ్విప్రత్యయమును దేశ్యపదముపై పెట్టుట సాధువు కాదు. చ్వి పరమగునపుడు పదాంతమందలి ఉకారమునకు దీర్ఘము వచ్చును గావున లఘూకరణమువలె మరూకరణమే శాస్త్రసమ్మతమైన రూపము. ఇదంతయు సత్యమే. కాని మరూకరణము ఎవరి నోటను లేదు. ఎడారీకరణము పత్రికలలో, పాఠ్యపుస్తకములలో, సభలలో స్థిరపడినది. ప్రయోగమును శాస్త్రము అనుసరింపవలసినదే. ఈ పదమును ఒప్పుకొని దానినుండి మరియొక ప్రయోజనమును సాధింపవచ్చును. కృ ధాతువుతో కరణము, భూ ధాతువుతో భవనము. మానవుడు అడవులు నరికి, అతిగా పశువులను మేపి నేలను ఎడారిగా చేయుట ఎడారీకరణము. వానలు తప్పి నేల తానై ఎడారియగుట ఎడారీభవనము. ఎడారీకరణ నివారణకై 1994లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యమున కుదిరిన ఒప్పందము నిర్వచనమున శీతోష్ణస్థితి వికారములను, మానవ చర్యలను రెంటిని చేర్చినది. ఆంగ్లమున రెంటికి ఒకటే మాట. చ్విప్రత్యయము తెలిసినవారికి రెండు మాటలు ఉన్నవి. అనంతపురం జిల్లా కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతములలో వేదవతి ఇసుకను నైరుతిగాలి పొలముల మీదికి తోలుచున్నది. ఆ చోట కరణమెంత, భవనమెంత అను ప్రశ్న వ్యాకరణ వినోదము కాదు. రైతునకు నష్టపరిహారము రావలెనా వలదా అనునది దానిమీద ఆధారపడియున్నది. సంస్కృతము చేయదగిన సేవ ఇట్టిది.

శీతోష్ణస్థితి అను పదమున చలియు, వేడియు ఉన్నవి. వాన లేదు, గాలి లేదు. మే నెల ఎండలో రామగుండమునకును జైసల్మేరునకును పెద్ద భేదము కనబడదు. వానలో మాత్రము జైసల్మేరునకు వచ్చునది రామగుండపు వానలో సుమారు అయిదవవంతు. జూన్ నుండి సెప్టెంబరు వరకు కురియు సగటున 87 సెంటీమీటర్ల వానపై దేశపు బ్రతుకంతయు నిలిచియుండగా ఆ వానను వదలిన మాట మన నేలకు పుట్టినది కాదు. హిందీవారి జలవాయు శబ్దమున నీరును గాలియు ఉన్నవి. అంతకన్న ప్రాచీనమైనది ఆయుర్వేదము. చరకసంహిత మొదలగు గ్రంథములు నేలను జాంగలము, ఆనూపము, సాధారణమని మూడు విధములుగా విభజించి, ఒక్కొక్కదానికి నీటివసతిని, గాలిస్వభావమును, చెట్లను, మృగములను, జనులకు వచ్చు వ్యాధులను కలిపి చెప్పినవి. జాంగలమనగా నీరు తక్కువై, ఆకాశము కనబడుచు, జమ్మి మొదలగు చెట్లు అచ్చటచ్చట గల పొడినేల. ఆ శబ్దమే జంగల్ అయి, ఆంగ్లమున ప్రవేశించి, నేడు దట్టమైన అడవికి పేరైనది. ఫ్రాన్సిస్ జిమర్మాన్ అను ఫ్రెంచి పండితుడు 1982లో ఈ విషయముపై ఒక గ్రంథమే వెలువరించెను. 1884లో శీతోష్ణమండలములను విభజింప మొదలిడిన కెప్పెన్ సయితము వృక్షశాస్త్రము చదివినవాడై చెట్లనే సాక్షులుగా తీసికొనెను. ఇంతమాత్రమున కెప్పెన్ చెప్పినది చరకుడు ముందే చెప్పెనని చంకలు కొట్టుకొనరాదు. కెప్పెన్‌కు కొలతలు ఉన్నవి, చరకునకు లేవు. వస్తువును సమగ్రముగా చూచి పేరు పెట్టు పద్ధతి మాత్రము చరకుని వద్ద నేర్వదగినది.

శీతోష్ణస్థితి స్థిరపడిన మాట, దానిని కదలింపనక్కరలేదు. ఆపద వాతావరణ శబ్దముతో వచ్చినది. భూమిని చుట్టిన గాలిపొర వాతావరణము. నేటి మబ్బును వాతావరణము. ముప్పది సంవత్సరముల సగటులో వచ్చిన మార్పును పత్రికలలో వాతావరణ మార్పు. మూడవ అర్థమున వాడినపుడు రైతు దానిని రెండవ అర్థమున గ్రహించును. మొన్న ఎండ, నిన్న వాన, ఇది ఎప్పుడును ఉన్నదే కదా అని తల త్రిప్పుకొనును. అతనిది తప్పు కాదు. ఆ మూడవ అర్థమునకు శీతోష్ణస్థితి మార్పు అని కచ్చితముగా వాడుట మన అధ్యాపకులు రేపటినుండియే చేయదగిన పని. వ్యాపార పవనములను గూర్చి ఒక్క మాట. ఆంగ్లమున ట్రేడ్ అనుదానికి ఆ సందర్భమున వర్తకము అర్థము కాదు. నియతమైన త్రోవ అని పాత అర్థము. నియతపవనములన్న సరిపోయెడిది. ఋతుపవనము మాత్రము నిర్దుష్టమైన పదము. అరబ్బీ మూలమైన మాన్‌సూన్ శబ్దమునకును ఋతువే అర్థము.

తీరపు మాటలకు వచ్చునప్పటికి తెలుగు సంపద చూచి ఆశ్చర్యపడవలసియున్నది. సంస్కృతమున వేలాశబ్దమునకు కాలము, మేర, సముద్రజలవికారము అను మూడర్థములు ఉన్నవి. సముద్రము తన మేర వరకు వచ్చి వేళ తప్పక మరలునను దర్శనము ఆ మూడింటిని కలిపినది. ఆంగ్లమున టైడ్ అను మాటకును మొదటి అర్థము కాలమే. అయినను వేలాతరంగము లనక ఆటుపోట్లు అనుటయే పాఠమునకు అందము. 1977 నవంబరు 19న దివిసీమపై సుమారు 5 మీటర్ల ఎత్తున విరుచుకొనిపడి వేలమందిని పొట్టబెట్టుకొన్నదానిని జనులు ఉప్పెన అనిరి. ఆంగ్లమునకు అచట రెండు మాటలు కావలసివచ్చినవి. వాయుగుండమును ఇట్టిదే. గంటకు 31 నుండి 49 కిలోమీటర్ల గాలి అను శాస్త్రనిర్వచనము తెలియకున్నను ఆ మాట వినగానే పడవను ఒడ్డునకు లాగువారు ఉన్నారు. వాయువు సంస్కృతము, గుండము తద్భవము. అచ్చపు సంస్కృతము కాదని ఎవరును దానిని ఆక్షేపింపలేదు. తిరుమల శిలాతోరణము అచ్చపు సంస్కృతమే అయినను, ప్రకృతి చెక్కిన రాతికమానుకు అంతకన్న మంచి పారిభాషిక పదము ఏ భాషలోను నాకు కనబడలేదు.

పూర్వమొకప్పుడు ఒక పదకోశ సంఘమున స్పిట్ అను పదము వచ్చినది. “శాస్త్రిగారూ, దీనికొక మంచి సంస్కృతపదము పడవేయండి” అని ఒక సభ్యుడు కోరెను. ఆ వస్తువు ఎట్లుండునని అడిగితిని. గదిలో దానిని చూచినవారు లేరు. కాకినాడ ఎదుట గోదావరి ఇసుకతో సుమారు 16 కిలోమీటర్ల పొడవున సముద్రములోనికి చొచ్చుకొనివచ్చిన హోప్ ఐలండ్ అట్టిదియే. ఆంగ్లమున ఆ మాటకు మూలార్థము మాంసము గ్రుచ్చి కాల్చు ఇనుపచువ్వ. దానిని చూచి శూలమనవలెనా? ఇసుకమొన అన్న చాలునని నాకు తోచుచున్నది. అచటి పల్లెకారులు ఏమందురో తెలిసికొన్న పిమ్మట దీనిని కూడ విడిచిపెట్టుటకు సిద్ధముగా ఉన్నాను.

ఆంగ్లేయులును ఇట్లే చేసిరి. నెలవంక ఆకారపు ఇసుకదిబ్బకు బార్ఖాన్ అను మధ్యాసియా తురుష్కపదమును, ఎండిన వాగునకు వాడి అను అరబ్బీపదమును, కొండల నడుమ చొచ్చుకొనివచ్చిన సముద్రపు పాయకు ఫియర్డ్ అను నార్వేపదమును తీసికొనిరి. లాటిన్ గ్రీకులలో పదము చేయలేక కాదు. ఆ వస్తువు నడుమ బ్రతికినవారి మాటలో పరిశీలన ముందే ఇమిడియున్నదని గ్రహించిరి.

ప్రాచ్యకళాశాలల వలన నేటి కాలమునకు ప్రయోజనమేమి అను ప్రశ్న మన ముఖముననే అడుగుచున్నారు. విద్యార్థులు తగ్గుచున్నారు. ఆజ్ఞ ప్రకారము పదములను పోతపోసి యిచ్చుట మన ప్రయోజనమైనచో, అర్థము కాని ప్రతి పదమునకును సంస్కృతమే నింద మోయవలెను. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వెలువడిన మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటము వ్యవసాయపదములను ఊరూరా తిరిగి సేకరించిన గ్రంథము. ఆ పద్ధతిలో ఇచ్ఛాపురము నుండి తడ వరకు తీరపు మాటలను సేకరించుటకు మన విద్యార్థులే తగినవారు. అమరములోని వారివర్గము కంఠస్థమైన బాలునకు తీరము, పులినము, సైకతము వేర్వేరు వస్తువులని ముందే తెలిసియుండును. పల్లెకారు చెప్పు తిప్పను, దిబ్బను, తిన్నెను, పర్రను అతడు ఒకటిగా కలిపివేయడు. మాట, ఊరు, చెప్పినవాని వృత్తి, వస్తువు రూపము, అది కనబడు ఋతువు అను అయిదు అంశములతో చీటీలు వ్రాయింపవచ్చును. మొగ అను మాటతోనే మొదలుపెట్టవచ్చును. నది కడలిలో కలియు చోటా, ఉప్పుటేరు నోరా, పడవలు పోవు లోతైన త్రోవయా, ఇసుక మేట వేసి పూడిపోయిన పిమ్మట కూడ దానిని మొగ అనియే అందురా, ఏ ఊరిలో ఏ అర్థము అనునది ముందుగా తేలవలెను.